ముల్లు పావు దగ్గర.. ట్యాంకులో చుక్క లేదు!

పాత కార్లలో పెట్రోలు మీటరు ఎందుకు అబద్ధం చెబుతుంది? మెట్టుగూడ ఉస్తాద్ ఒక్క తీగతో పట్టిన తప్పు

మెట్టుగూడ: తెల్లవారి అయిదు గంటల వేళ. రైల్వే క్వార్టర్ల వెనుక సందులోంచి ఒక పాత అంబాసిడర్ మెల్లగా మెయిన్ రోడ్డు ఎక్కింది. స్టీరింగు ముందు 74 ఏళ్ల పెద్దాయన. వెనుక సీట్లో ఆయన భార్య. ఆమె ఒడిలో టిఫిను డబ్బా, పక్కన ఆస్పత్రి ఫైలు. ఆమెకు వారానికి మూడుసార్లు డయాలసిస్ జరగాలి. ఆరు గంటలకల్లా మంచం మీద ఉండాలి. ఆలస్యమైతే ఆ తర్వాత వచ్చే రోగికీ ఆలస్యమే.

బండి ఆలుగడ్డబావి చేరకముందే రెండుసార్లు దగ్గింది. మూడోసారి మెట్రో స్తంభాల పక్కన ఆగిపోయింది. పెద్దాయన తాళం తిప్పి మీటరు చూశారు. ముల్లు పావు దగ్గర నిలబడి ఉంది. అంబాసిడర్ ట్యాంకులో 54 లీటర్లు పడతాయి. పావు అంటే పదమూడు లీటర్ల పైమాటే. పెట్రోలు లోటు కాదని తేల్చుకుని ఆయన బానెట్ ఎత్తారు. టార్చి వెలుగులో ప్లగ్గు తీగలు కదిపారు, కార్బురేటరు తడిమారు. అరగంట గడిచింది. అటుగా వచ్చిన పాల వ్యాను కుర్రవాడు దిగి, "పెట్రోలు ఉన్నదా తాతా?" అని అడిగి, వెనుక బంపరు పట్టుకుని బండిని ఊపాడు. ట్యాంకులో చప్పుడు లేదు. చుక్క పెట్రోలు లేదు.

భార్యను ఆటో ఎక్కించి పంపి, పెద్దాయన బండి దగ్గరే ఉండిపోయారు. నాలుగు గంటలు జరగవలసిన డయాలసిస్ ఆ రోజు మూడుంపావు గంటలతో ముగిసింది. సాయంత్రం పుణే నుంచి కొడుకు ఫోను చేశాడు. "నాన్నా, ఇక చాలు. ఆ బండిని అమ్మేయండి" అన్నాడు.

రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసి రిటైరైన ఆయనకు ఆ మాట రుచించలేదు. మోజు ఒక్కటే కాదు, దానికి వేరే కారణం ఉంది. ఆటోలో గతుకులకు ఆమె నడుము ఓర్చదు. కొత్త చిన్న కార్లలో తల వంచి, కాళ్లు ముడుచుకుని ఎక్కాలి. అంబాసిడర్ తలుపు వెడల్పు, సీటు ఎత్తు. ఆమె పట్టుకునేందుకు చేయి ఇవ్వకుండానే ఎక్కి కూర్చోగలుగుతుంది. ఆ బండి పోతే ఆ కాస్త స్వతంత్రమూ పోతుందని ఆయన బాధ. కానీ నమ్మలేని మీటరుతో తెల్లవారుజామున రోగిని తీసుకువెళ్లడం ఎలా?

మార్చారు, కానీ మారలేదు

మర్నాడు ఆయన ఒక షెడ్డుకు వెళ్లారు. అక్కడివారు చూసీ చూడగానే "ట్యాంకు యూనిటు పోయింది" అన్నారు. ట్యాంకులో తేలే బుడ్డి, దానికి ఆనుకున్న చేయి, తీగచుట్ట అన్నీ కలిసి ఉన్న భాగమే ట్యాంకు యూనిటు. వాడుకలో చాలామంది దీనిని ఫ్లోటు అని కూడా అంటారు. రాణీగంజ్ నుంచి కొత్తది తెచ్చి బిగించారు. యూనిటుకు, కూలికి కలిపి 1,600 రూపాయలు అయింది. రెండు లీటర్లు పోసి తాళం తిప్పితే ముల్లు మళ్లీ పావు దాటి నిలిచింది. "అయితే మీటరు పోయింది, అదీ మార్చాలి" అన్నారు. పెద్దాయన బండి తీసుకుని వచ్చేశారు.

తెలిసినవారు చెప్పగా చివరకు మెట్టుగూడ చౌరస్తాకు కొద్ది దూరంలోని ఒక రేకుల షెడ్డు ముందు బండి ఆపారు. అక్కడ నలభై ఏళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్న మెకానిక్కును అందరూ ఉస్తాద్ అనే పిలుస్తారు. ఆయన ముందుగా పానా పట్టలేదు. స్టూలు మీద కూర్చుని అడగడం మొదలుపెట్టారు.

"పెద్దసారూ, ఇది ఇదివరకు సరిగ్గ చూపేదా?"

"చూపేదయ్యా. ఇన్నేళ్లు చూపింది."

"మరి ఎప్పటి నుంచి ఇట్ల?"

"అది మాత్రం చెప్పలేను. పుస్తకం ఉంది, చూడు."

రైల్వేలో లాగ్ బుక్కు రాసిన అలవాటు ఆయనకు పోలేదు. పెట్రోలు కొట్టించిన ప్రతిసారీ తేదీ, కిలోమీటర్లు, ముల్లు ఎక్కడుంది, ఎన్ని లీటర్లు పట్టింది అని రాసి పెడతారు. ఉస్తాద్ కళ్లద్దాలు పెట్టుకుని పేజీలు తిప్పారు. దసరాకు ముందు ముల్లు సగంలో ఉండగా నిండా కొట్టిస్తే 26, 28 లీటర్లు పట్టేవి. అది సరైన లెక్కే. దసరా తర్వాత అదే సగం నుంచి 37, 38 లీటర్లు పట్టాయి. అంటే ముల్లు సగమని చూపినప్పుడు ట్యాంకులో నిజానికి మూడోవంతు కూడా లేదన్నమాట.

"సార్, మీరు రాసిండ్రు గని చదవలే" అన్నారు ఉస్తాద్. పెద్దాయన మారు మాట్లాడలేదు.

"దసరాకు బండికి ఏం చేయించిండ్రు?"

"తుప్పు పడుతోందని కిందంతా రంగు వేయించాను. ట్యాంకు కూడా దించి గీకించి రెండు పూతలు వేయించాను. ట్యాంకు దగ్గర పెట్రోలు గొట్టం తుప్పు తిని ఉంటే ఆ ముక్క కోసి రబ్బరు గొట్టం వేశారు."

ఉస్తాద్ నవ్వారు. కానీ అప్పటికీ తీర్పు చెప్పలేదు. "మాటతోని కాదు, తీగతోని చూద్దాం" అంటూ లేచారు.

మీటర్లు రెండు రకాలు

పాత కార్ల పెట్రోలు మీటరు పనితీరు చూడడానికి చాలా సులువు. తాళం తిప్పగానే బ్యాటరీ కరెంటు మీటరులోకి వస్తుంది. మీటరు నుంచి ఒక తీగ వెనుక ట్యాంకు యూనిటుకు పోతుంది. యూనిటులో బుడ్డి పెట్రోలుతో పాటు లేస్తూ దిగుతూ ఉంటుంది. దాని చేయి ఒక తీగచుట్ట మీద జరుగుతుంది. ఎక్కడ ఆగితే అంతమేరకు కరెంటుకు అడ్డు ఏర్పడుతుంది. ఆ కరెంటు ట్యాంకు రేకు ద్వారా, బండి బాడీ ద్వారా తిరిగి బ్యాటరీకి చేరాలి. ఈ తిరుగుదారినే మెకానిక్కులు ఎర్తు అంటారు. అడ్డు ఎంత ఉన్నదో దాన్నిబట్టి ముల్లు కదులుతుంది.

అయితే మీటర్లలో రెండు రకాలున్నాయి. ఈ సంగతి తెలియకనే చాలా షెడ్డుల్లో మంచి భాగాలను తీసి పారేస్తున్నారు.

మొదటిది అయస్కాంతం రకం. ఇందులో రెండు తీగచుట్టలు ముల్లును చెరోవైపు లాగుతాయి. తాళం తిప్పగానే ముల్లు టక్కున లేస్తుంది, బండి ఊగితే అదీ ఊగుతుంది. స్మిత్స్ తరహా మీటర్లలో ఖాళీ ట్యాంకుకు అడ్డు దాదాపు సున్నా. నిండు ట్యాంకుకు 70 నుంచి 90 ఓముల వరకు ఉంటుంది. బ్యాటరీ కాస్త అటూ ఇటూ అయినా రెండు చుట్టలకూ ఒకే తీరుగా తగ్గుతుంది, పెరుగుతుంది కనుక లెక్క తప్పదు.

రెండోది వేడి రకం. ఇందులో రెండు లోహాలు అతికించిన చిన్న పట్టీ ఉంటుంది. కరెంటుకు అది వేడెక్కి వంగి ముల్లును నెమ్మదిగా తోస్తుంది. తాళం తిప్పాక ముల్లు తన చోటికి చేరడానికి కొన్ని క్షణాలు పడుతుంది. ఇందులో లెక్క తలకిందులు. ఖాళీ ట్యాంకుకు 240 ఓములకు పైగా, నిండు ట్యాంకుకు 20, 30 ఓములు. బ్యాటరీ కరెంటు హెచ్చుతగ్గులు దీనికి పడవు. అందుకే డాష్‌బోర్డు వెనుక స్టెబిలైజరు అనే చిన్న డబ్బా పెట్టి, సగటున 10 వోల్టులే మీటరుకు అందేలా చేస్తారు.

"ఏ మోడలుకు ఏ మీటరు అని పుస్తకం చూసి చెప్పొద్దు. పాత బండ్లు. ఎవరు ఎప్పుడు ఏది మార్చిండ్రో ఎవరికెరుక? ముల్లు ఎట్ల లేస్తదో చూడాలె" అన్నది ఉస్తాద్ సూత్రం. ఒక రకం మీటరుకు మరో రకం ట్యాంకు యూనిటు బిగిస్తే ముల్లు ఉల్టా నడుస్తుంది. ఖాళీ ట్యాంకుకు నిండు అని, నిండు ట్యాంకుకు ఖాళీ అని చూపుతుంది. అలాంటి బళ్లు తన దగ్గరకు ఎన్నో వచ్చాయని ఆయన చెప్పారు.

ఒక్క తీగతో మూడు పరీక్షలు

పెద్దాయన బండిలో ముల్లు తాళం తిప్పగానే టక్కున లేచింది. అంటే అయస్కాంతం రకం. కొత్తగా వేసిన ట్యాంకు యూనిటు కూడా అదృష్టవశాత్తూ ఆ రకానిదే. దానిని విప్పకముందే ఓముల మీటరు పెట్టి ఉస్తాద్ ఆ సంగతి చూశారు.

తరువాత డిక్కీ తెరిచి ట్యాంకు యూనిటుకు వచ్చే తీగను దూరాన ఉన్న జాయింటు వద్ద ఊడదీశారు. పెట్రోలు ఆవిరి ఉండే చోట నిప్పురవ్వ పుట్టకూడదని అంత దూరంలో విప్పడం. కుర్రవాడు ముందు సీట్లో కూర్చుని తాళం తిప్పాడు. ముల్లు నిండు గుర్తు దాకా వెళ్లింది. ఆ తీగ కొసను బండి బాడీకి ఒక్క క్షణం ఆనించారు. ముల్లు ఖాళీ గుర్తుకు పడిపోయింది.

ఈ రకం మీటరులో తీగ తెగితే నిండు, తీగ ఎర్తు అయితే ఖాళీ చూపాలి. అలాగే చూపింది. అంటే మీటరు బాగుంది, ముందు నుంచి వెనుకకు వచ్చే తీగ బాగుంది. మీటరు మార్చనవసరం లేదు. వేడి రకం మీటరయితే ఇదే పరీక్షకు జవాబు తలకిందులుగా వస్తుంది. తీగ తెగితే ఖాళీ, ఎర్తు అయితే నిండు. ఆ రకంలో ముల్లు నిండు గుర్తుకు చేరగానే తీగ తీసేయాలి. ఎక్కువ సేపు పట్టి ఉంచితే మీటరే కాలిపోవచ్చు.

మూడో పరీక్షతో గుట్టు బయటపడింది. ఉస్తాద్ ఊడదీసిన తీగను తిరిగి కలిపారు. మరో మూరెడు తీగ తీసుకుని ఒక కొసను ట్యాంకు యూనిటు తలకాయకు బిగించారు. రెండో కొసను డిక్కీలో రంగు గీకిన చోట బాడీకి ఆనించారు. తాళం తిప్పగానే పావు దాటి నిలిచిన ముల్లు మెల్లగా కాదు, ఒక్కసారిగా ఖాళీ గుర్తు పక్కకు వచ్చి ఆగింది. తీగ తీస్తే మళ్లీ పావు. పెడితే ఖాళీ. నాలుగుసార్లు పెట్టి తీసి చూపారు.

"దొంగ దొరికిండు సార్. ఎర్తు లేదు" అన్నారు ఉస్తాద్.

రంగు చేసిన పని

ట్యాంకుకు వేసిన రెండు పూతల రంగు బాగా కుదిరింది. పట్టీలు ఆనే చోట, బోల్టులు కూర్చునే చోట కూడా రంగే. రంగు కరెంటును పోనివ్వదు. అంతకుముందు ఇనుప గొట్టం ద్వారా కూడా కొంత ఎర్తు దొరికేది. మధ్యలో రబ్బరు ముక్క పడడంతో ఆ దారీ మూసుకుపోయింది. ఏదో ఒక మరచుట్టు దగ్గర రంగు గీకుకుపోయిన చోట మాత్రం కొద్దిగా కరెంటు తిరిగి పోతోంది. దాంతో లేని అడ్డు వచ్చి చేరింది. ఈ రకం మీటరుకు అడ్డు పెరిగితే పెట్రోలు పెరిగినట్టు లెక్క. అందుకే ట్యాంకు ఖాళీ అయినా ముల్లు పావు చూపుతూ వచ్చింది.

బండిని కాపాడాలని వేయించిన రంగే బండిని నడిరోడ్డు మీద ఆపిందన్నమాట.

ఇది విన్న పెద్దాయన కాసేపు తల పట్టుకున్నారు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ఆయన పని తీగలతోనే. 1966 అక్టోబరు 2న సికింద్రాబాద్ కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. 1893లో నెలకొల్పిన లాలాగూడ వర్క్‌షాపు అంతకు ఎంతో ముందే ఈ ప్రాంతానికి అన్నం పెడుతోంది. మెట్టుగూడ, లాలాగూడ, చిలకలగూడ ఇళ్లలో రైలు పనితో సంబంధం లేని కుటుంబాలు ఒకప్పుడు అరుదు. ఆ పనిలో ఆయన నేర్చుకున్న మొదటి పాఠం ఒకటుంది. రైలు పట్టా విరిగినా, తీగ తెగినా, బ్యాటరీ పోయినా సిగ్నలు ఎర్రదీపమే చూపాలి. చెడితే ఆపాలి గానీ, చెడి పొమ్మనకూడదు.

"ఈ మీటరు దానికి విరుద్ధం. తీగ తెగితే నిండుగా ఉంది పొమ్మంటుంది. ఎర్తు పోతే పావు ఉంది పొమ్మంటుంది. మా శాఖలో ఇలాంటి దానిని ఒక్క రోజు ఉంచేవారు కాదు" అన్నారాయన. వేడి రకం మీటరులో తీగ తెగినా, ఎర్తు చెడినా ముల్లు కిందికే పోతుంది. యజమాని కంగారుపడి బంకుకు వెళతాడు. నష్టం ఏమీ లేదు. అయస్కాంతం రకం ఉన్నవారే ఎక్కువ జాగ్రత్త పడాలి.

మందు కూడా చిన్నదే. ట్యాంకు యూనిటు మర ఒకటి విప్పి, అది కూర్చునే చోట ఉప్పు కాగితంతో రుద్ది, చెవి ఉన్న తీగ బిగించారు. రెండో కొసను బాడీకి రంగు గీకి, నక్షత్రపు వాషరు వేసి బిగించారు. పైన కొద్దిగా గ్రీజు పూశారు. పట్టిన సమయం పావుగంట. తీసుకున్నది 200 రూపాయలు.

ఇంకేమేమి చెడవచ్చు?

ఎర్తు ఒక్కటే తప్పు కాదు. ఏ లక్షణానికి ఏది చూడాలో ఉస్తాద్ ఇలా వివరించారు.

ముల్లు అసలే కదలకపోతే ముందు ఫ్యూజు చూడాలి. అదే ఫ్యూజు మీద నడిచే వైపరు, ఇండికేటర్లు కూడా పనిచేయకపోతే తప్పు అక్కడే. ఫ్యూజు బాగుంటే మీటరు వెనుకకు కరెంటు వస్తున్నదీ లేనిదీ టెస్టు ల్యాంపు పెట్టి చూడాలి.

వేడి రకం మీటరున్న బండిలో పెట్రోలు ముల్లు, ఇంజను వేడి చూపే ముల్లు రెండూ ఒకేసారి ఎక్కువగా గానీ, తక్కువగా గానీ చూపితే స్టెబిలైజరును అనుమానించాలి. రెండూ ఒకే రోజు చెడిపోవడం జరగదు. స్టెబిలైజరు ఎర్తు ఊడినా రెండు ముళ్లూ పైకి పోతాయి. బాగున్న పాత స్టెబిలైజరుకు టెస్టు ల్యాంపు పెడితే దీపం ఆగి ఆగి వెలుగుతుంది. ఇస్త్రీ పెట్టె దీపం వేడిని బట్టి వెలిగి ఆరినట్టే.

రెండు మూడు లీటర్లు పోసినా, ముప్పై పోసినా ముల్లు ఖాళీ దగ్గరే ఉంటే బుడ్డి మునిగి ఉండవచ్చు. ఇత్తడి బుడ్డికి అతుకు దగ్గర సన్నని చిల్లు పడితే పెట్రోలు లోపలికి పోయి అది తేలదు. బయటకు తీసి చెవి దగ్గర ఊపితే చప్పుడు వినిపిస్తుంది. వేడి నీళ్లలో ముంచితే చిల్లు ఉన్న చోట బుడగలు వస్తాయి. అయితే దానిని అలాగే టంకం పెట్టబోవడం ప్రాణాంతకం. లోపల ఉన్న పెట్రోలు ఆవిరి పేలుతుంది. చిల్లుపడిన బుడ్డిని మార్చడమే మేలు.

ముల్లు కొన్ని చోట్ల బాగానే ఉండి, ఒక చోట మాత్రం గంతులు వేస్తుంటే తీగచుట్ట అక్కడ అరిగిందని అర్థం. ఎప్పుడూ పావు, సగం మధ్యనే పెట్రోలు ఉంచి నడిపే బళ్లలో ఆ మేరకే అరుగుతుంది. ట్యాంకు కింద రాయి తగిలి సొట్ట పడితే కూడా లెక్క మారుతుంది. బుడ్డి చేయి వంగినా అంతే.

బండిని ఎక్కడో వాలు మీద నిలిపి మీటరును తిట్టేవారూ ఉన్నారు. సమతలం మీద నిలిపి చూశాకే ఏదైనా అనుకోవాలి.

నిప్పుతో జాగ్రత్త

ట్యాంకు యూనిటు విప్పవలసి వస్తే పగటి పూట, గాలి ఆడే చోట విప్పాలి. ముందుగా బ్యాటరీ తీగ ఊడదీయాలి. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు. పైకి పోదు, నేలబారున పాకుతుంది, గుంటల్లో నిలుస్తుంది. అందుకే సర్వీసింగు గుంట మీద బండి పెట్టి ట్యాంకు విప్పడం మంచిది కాదు. బీడీ, అగ్గిపెట్టె దగ్గరకు రానివ్వకూడదు. ఖాళీ ట్యాంకు అంటే భయం లేదనుకోవడం పొరపాటు. నిండు ట్యాంకు కంటే ఆవిరితో నిండిన ఖాళీ ట్యాంకే ఎక్కువ ప్రమాదం.

మరో సంగతి. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మన దేశంలో అమ్మకానికి వచ్చింది. పాతకాలపు రబ్బరు, కార్కు ప్యాకింగులు ఇథనాల్‌కు తయారైనవి కావు. ఇథనాల్ నీటిని కూడా పీల్చుకుంటుంది. కనుక ట్యాంకు యూనిటు విప్పినప్పుడు పాత ప్యాకింగునే తిరిగి వేయక, కొత్త పెట్రోలుకు తట్టుకునేది అడిగి తెచ్చుకోవాలి. డిక్కీలో పెట్రోలు వాసన వస్తే మీటరు సంగతి తర్వాత, ముందు ఆ ప్యాకింగు చూడాలి.

పుల్లతో కొలిచిన రోజులు

మీటరు లేకుండానే లోకం చాలా దూరం నడిచింది. అమెరికాలో 1908 నుంచి 1927 వరకు కోటిన్నర దాకా తయారైన ఫోర్డు మోడల్ టి కారుకు పెట్రోలు మీటరే లేదు. సీటు ఎత్తి, ట్యాంకులో గీతలున్న పుల్ల ముంచి చూసుకునేవారు. మన వీధుల్లో స్కూటర్లు నడిపినవారికి రిజర్వు కొళాయి గుర్తుండే ఉంటుంది. బండి దగ్గగానే చేయి కిందికి పెట్టి కొళాయి తిప్పితే బంకు దాకా వెళ్లేది. ఆ కొళాయి అబద్ధమాడదు. పెట్రోలే తన మాట తాను చెప్పేది.

పాత ట్యాక్సీ డ్రైవర్లు డాష్‌బోర్డు మీటరును సగమే నమ్మేవారు. కిలోమీటర్ల లెక్క వారికి అసలు మీటరు. నిండా కొట్టించి, రీడింగు రాసుకుని, ఇన్ని కిలోమీటర్లకు మళ్లీ బంకుకు అని పెట్టుకునేవారు. ఇప్పటికీ పాత బండి ఉన్నవారికి అంతకు మించిన భద్రత లేదు.

తరిగిపోతున్న చేతులు

1950ల చివరలో మొదలైన అంబాసిడర్ తయారీ 2014 మేలో ఉత్తరపాడా కర్మాగారంలో ఆగిపోయింది. 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 కూడా 2014 జనవరిలోనే సెలవు తీసుకుంది. ప్రీమియర్ పద్మిని అంతకు చాలా ముందే పోయింది. ఈ బళ్లు రోడ్డు మీద ఉండాలంటే ఇప్పుడు వాటి పని తెలిసిన చేతులే దిక్కు. పదిహేనేళ్లు దాటిన కార్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్ రుసుమును కేంద్ర నిబంధనలు 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచాయి. ఖర్చు భరించలేక చాలామంది బళ్లను తుక్కుకు ఇస్తున్నారు. బళ్లు తగ్గితే పని తగ్గుతుంది, పని తగ్గితే నేర్చుకునేవారు రారు.

ఉస్తాద్ కొడుకు పని చేసేది కొత్త కార్ల షోరూములో. అక్కడ తప్పు ఎక్కడున్నదో కంప్యూటరు చెబుతుంది. కొత్త బళ్లలో పెట్రోలు పంపు, బుడ్డి, తీగచుట్ట కలిపి ఒకే ముక్కగా ట్యాంకులో ఉంటాయి. చెడితే మొత్తం మార్చడమే. "వాడి పని తప్పు కాదు. కాని వాడికి మూరెడు తీగ ఇస్తే ఏం చేయాలో తెల్వది" అన్నారు ఉస్తాద్. షెడ్డులో ఉన్న కుర్రవాడు మరో రెండేళ్లు ఉంటే తనకు తెలిసినదంతా నేర్పుతానని, ఉండేదీ లేనిదీ మాత్రం చెప్పలేనని అన్నారు. ఆ రోజు డిక్కీ దగ్గర తీగ పెట్టి తీసిన నాలుగుసార్లలో చివరి రెండు ఆ కుర్రవాడి చేతనే చేయించారు.

ముల్లుకు మళ్లీ పరీక్ష

తీగ బిగించాక కూడా పెద్దాయన వెంటనే నమ్మలేదు. సిగ్నలు బాగుచేశాక పరీక్షించకుండా రైలును వదలడం ఆయనకు తెలియదు. ట్యాంకు దాదాపు ఖాళీగా ఉండగానే బంకుకు వెళ్లి అయిదు లీటర్లు పోయించారు. బండిని పక్కన సమతలం మీద నిలిపి, తాళం తిప్పి, ముల్లు ఎక్కడుందో కాగితం మీద గీత గీశారు. మళ్లీ అయిదు, మళ్లీ గీత. బంకు కుర్రవాడు విసుక్కున్నా పదిసార్లు అలాగే చేశారు. ముల్లు సగం దగ్గరకు వచ్చేసరికి లోపల 27 లీటర్లకు అటూ ఇటుగా ఉన్నట్టు తేలింది. ఆ కాగితం ఇప్పుడు డాష్‌బోర్డుకు అతికించి ఉంది.

అయినా ఇంట్లో ఒక కొత్త నియమం పెట్టుకున్నారు. ముల్లు ఏం చూపినా సరే, 200 కిలోమీటర్లు తిరగగానే పెట్రోలు కొట్టించాలి. సగానికి తగ్గనివ్వకూడదు. పుస్తకంలో రాయడమే కాదు, ప్రతి నెలా మొదటి తారీఖున కూర్చుని చదవాలి. ఆ చదివే పని భార్య తీసుకున్నారు. డయాలసిస్ మంచం మీద నాలుగు గంటలు ఖాళీగా ఉండే తనకు అది సరిపోయే పని అని ఆమె అన్నారట.

కొడుకు మళ్లీ ఫోను చేసి బండి సంగతి అడిగాడు. ఈసారి జవాబు చెప్పింది ఆమే. "బండి బాగానే ఉందిరా. మీ నాన్న వేయించిన రంగే ఎక్కువైంది" అన్నారు.

మర్నాడు తెల్లవారి అయిదు గంటలకు అంబాసిడర్ మళ్లీ మెయిన్ రోడ్డు ఎక్కింది. ముల్లు మూడు వంతుల దగ్గర ఉంది. ట్యాంకులోనూ అంతే ఉంది. ఆరు కావడానికి ఇంకా ఇరవై నిమిషాలు ఉండగానే వారు ఆస్పత్రి గేటు దాటారు.